డాన్సు మొదలవకముందు

చిరంజీవి అమ్ములుకి తాతయ్య ఆశీస్సులు. ఈ ఉత్తరం తమ్ముడికి కూడా చదివి వినిపించు.

నువ్వు ఫోన్లో పంపిన బొమ్మ చూశాను. "ఈయన డాన్సర్ల బొమ్మలకి ఫేమస్ అట, మరి ఇందులో ఎవరూ డాన్స్ చెయ్యట్లేదేంటి తాతయ్యా?" అన్నావు. నిజమే. పారిస్‌లో ఉండే ఎడ్గార్ డెగా 1882 ప్రాంతంలో పాస్టెల్‌తో గీసిన బొమ్మ అది. పేరు 'ఎదురుచూపు'. బాలే అనే అక్కడి డాన్సుకి వేసుకునే గౌనుతో ఒక పిల్ల బెంచీ మీద కూర్చుని, ముందుకు వంగి చీలమండ పట్టుకుంది. పక్కన నల్లబట్టల్లో ఒకావిడ, చేతిలో గొడుగు. తల్లే అయ్యుంటుంది.

అప్పట్లో పారిస్ ఒపేరా అనే పెద్ద నాటకశాలలో బాలే నేర్చుకునే పిల్లలు చాలామంది లేనివాళ్ళ ఇళ్ళ నుంచి వచ్చేవారు. డెగా మైనంతో చేసిన పద్నాలుగేళ్ళ డాన్సరు బొమ్మ ఒకటుంది, 1881లో ప్రదర్శనకి పెట్టాడు. దానికోసం ఆయన ముందు నిలబడ్డ పిల్ల పేరు 'మరీ', వాళ్ళమ్మ బట్టలు ఉతికి బతికేది. ఇలాంటి పిల్లలకి డాన్సంటే సరదా ఒక్కటే కాదు, ఇంటికి నాలుగు డబ్బులు. స్టేజీ మీద గాల్లో తేలినట్టు కనిపించే పిల్లకి కిందికి దిగాక కాళ్ళు పీకవూ? డెగా అది చూశాడు. చప్పట్లు కొట్టేవాళ్ళు ఎలాగూ ఉన్నారు, కాళ్ళు నొక్కుకుంటున్నప్పుడు చూసేవాళ్ళే తక్కువ.

ఇక పాస్టెల్ అంటే ఏమిటంటావా? ముగ్గే అనుకో. మా చిన్నప్పుడు ధనుర్మాసంలో అక్క ముగ్గు వేస్తుంటే లాంతరు పట్టుకోవడం నా పని. రంగులు కొనే రోజులు కావు. ఇటుక ముక్క నూరితే ఎరుపు, బొగ్గు నూరితే నలుపు, వంటింట్లో అమ్మ చూడకుండా తెచ్చిన పసుపు. అలాంటి రంగుపొడికే కాస్త జిగురు కలిపి పుల్లలా చేస్తే పాస్టెల్. అరుగు మీద సిమెంటు నున్నగా ఉండి ముగ్గు నిలిచేది కాదు, వాకిట్లో గరుకు నేల మీద చక్కగా పట్టేది. పాస్టెల్‌కీ అంతే, కాగితం గరుకుగా ఉండాలి. కళ్ళాపి తడి మీద వేస్తే ముగ్గు అంటుకుపోతుంది చూడు, డెగా కూడా ఒక్కోసారి బొమ్మకి నీటి ఆవిరి పట్టించి, మెత్తబడ్డ రంగుని బ్రష్షుతో సర్దేవాడు. అన్నట్టు, డాన్సు ప్రాక్టీసు చేసే హాల్లో దుమ్ము లేవకుండా వాళ్ళూ నేల మీద నీళ్ళు చల్లేవారు. 1877 నాటి ఒక బొమ్మలో గోడవార ఆ నీళ్ళ క్యాను కూడా వేశాడాయన!

ముగ్గులో ఒక రంగు మీద ఇంకో రంగు పోస్తే బురదరంగు అయిపోయి, అక్క నా నెత్తిన మొట్టేది. డెగా మాత్రం కొన్ని బొమ్మల్లో ఒక పూత వేసి, అది కదలకుండా పలచటి జిగురునీళ్ళు చిమ్మి, పైన మరో పూత వేసేవాడు. అందుకే పై రంగు గీతల సందుల్లోంచి కింది రంగు తొంగి చూస్తుంటుంది. అది కంటికి ఎందుకంత బాగుంటుందో నాకు చెప్పడం రాదు, అలాంటి బొమ్మని పెద్దది చేసి నువ్వే చూడు.

ఆ 'ఎదురుచూపు'ని అమెరికాలో లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల ఉన్న రెండు మ్యూజియంలు కలిసి కొనుక్కున్నాయి. అక్కచెల్లెళ్ళు ఒకే పట్టుచీరని వంతులవారీగా కట్టుకుంటారే, అలా అనుకో. ఒక బొమ్మకి రెండు ఇళ్ళు, అంతే.

ఈసారి మీ స్కూల్ యానివర్సరీకి నీ కూచిపూడి ఐటమ్ వచ్చేలోపు స్టేజీ పక్కనే కూర్చో. గజ్జెలు కట్టుకునే పిల్ల వీపు ఎలా వంగుతుందో, జడ కుదరక విసుక్కునే పిల్ల మోచెయ్యి ఎటు తిరుగుతుందో చూడు. ఓ పెన్సిలు, పాత నోట్‌బుక్ చాలు. ముఖాల జోలికి వెళ్ళకు, ముందు వీపులూ కాళ్ళూ గియ్యి. నువ్వు గీస్తున్నావని తెలిస్తే వాళ్ళు నవ్వుతూ పోజు పెట్టేస్తారు, అంతకుముందే గీసెయ్యాలి.

మీ తాతయ్య