పాత చిన్న కారుకు మైలేజీ తగ్గితే: అపోహలు - వాస్తవాలు

మైలేజీ తగ్గిందని పాత చిన్న కారును మరమ్మతుకు తెచ్చేవారిలో చాలామంది కారణాన్ని కూడా ముందే నిర్ణయించుకొని వస్తారు. ఎయిర్ ఫిల్టర్ అని ఒకరంటే, ఇంజెక్టర్లు (ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే ముక్కులు) అని మరొకరంటారు, ఇంజిన్ పని అయిపోయిందని ఇంకొకరు దిగులు పడతారు. ఆ మాట ప్రకారం పార్టులు మార్చుకుంటూ పోతే డబ్బు ఖర్చవుతుంది కానీ లోపం బండిలోనే ఉండిపోతుంది. పెట్రోలు ఎక్కువ అవుతోందంటే ఎక్కడైనా కారిపోతుండాలి, లేదా ఇంజిన్‌లో మిశ్రమమో దాన్ని మండించే సమయమో తప్పుతుండాలి, లేదా ఇంజిన్ బాగానే ఉన్నా చక్రాలను ఏదో పట్టి ఉంచుతుండాలి, అదీ కాకపోతే బండి తిరిగే తీరు మారి ఉండాలి. ఈ నాలుగింటిలో ఏది అన్నది తేలకుండా ఏ పార్టూ విప్పకూడదన్నది నా గట్టి అభిప్రాయం. ఇక్కడ రాస్తున్నదంతా పెట్రోలు కార్ల గురించే.

అపోహ: డాష్‌బోర్డు మీద కనిపించే సగటును చూస్తే మైలేజీ తెలిసిపోతుంది.

వాస్తవం: ఆ అంకె కొలిచినది కాదు, లెక్కకట్టినది. ఇంజెక్టర్లను ఎంతసేపు తెరిచి ఉంచానో ఈసీయూకు, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌కు, తెలుసు, దాన్నిబట్టి ఎంత పెట్రోలు వెళ్ళి ఉంటుందో అది అంచనా వేస్తుంది. పెట్రోలు ప్రెషర్ ఉండవలసినదానికంటే ఎక్కువగా ఉన్నా, మూసి ఉన్న ఇంజెక్టర్ నుంచి చుక్కలు కారుతున్నా ఆ సంగతి దానికి తెలియదు. నమ్మదగిన పద్ధతి పాతదే: పంపు దానంతట అది ఆగేవరకు ట్యాంకు నింపించి, ట్రిప్ మీటరును సున్నాకు తెచ్చి, కనీసం మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ అదే పంపు దగ్గర, బండిని అదే వాలులో నిలిపి, అదే విధంగా నింపించి, తిరిగిన దూరాన్ని రెండోసారి పట్టిన లీటర్లతో భాగించాలి. పంపు ఆగే చోటు ప్రతిసారీ కొంత మారుతుంది కాబట్టి ఒక్కసారి వచ్చిన అంకెతో నిర్ణయానికి రాకుండా మూడు నాలుగు సార్ల మొత్తం దూరాన్ని మొత్తం లీటర్లతో భాగించడం మేలు.

టైర్ల సైజు మార్చినవారు ఇంకొక విషయం గమనించాలి. కొత్త టైరు చుట్టుకొలత మూడు శాతం ఎక్కువైతే ఓడోమీటరు దాదాపు అంతే తక్కువ దూరం చూపుతుంది, దాంతో నిజంగా పడిపోని మైలేజీ కూడా పడిపోయినట్టు కనిపిస్తుంది. వచ్చిన అంకెను కంపెనీ ప్రకటించిన అంకెతో కాక, ఇదే బండి ఇదే దారిలో ఇంతకుముందు ఇచ్చినదానితో పోల్చాలి. కంపెనీ అంకె ప్రయోగశాలలో రోలర్ల మీద, ముందే నిర్ణయించిన వేగాలతో నడిపితే వచ్చినది, దాన్ని రోడ్డు మీద అందుకోలేకపోవడం లోపానికి గుర్తు కాదు.

అపోహ: చెక్ ఇంజిన్ లైటు వెలగలేదు కాబట్టి సెన్సర్లన్నీ బాగానే ఉన్నాయి.

వాస్తవం: పాత కార్లలో పెట్రోలును ఎక్కువగా తాగించే లోపాలు చాలావరకు ఈ లైటు వెలగకుండానే జరిగిపోతాయి. సెన్సర్ తీగ తెగినా, విలువ అసాధ్యమైన హద్దు దాటినా ఈసీయూ గుర్తిస్తుంది. సెన్సర్ పనిచేస్తూనే కొంచెం తప్పు చెబితే మాత్రం అది నమ్మేస్తుంది. అందుకే దీన్ని కాస్త విపులంగా చెప్పాలి.

మొదట చూడవలసింది థర్మోస్టాట్. ఇంజిన్ వేడెక్కేవరకు కూలెంట్‌ను (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవాన్ని) రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపడం దాని పని, చాలా చిన్న కార్లలో అది 82 నుంచి 88 డిగ్రీల సెల్సియస్ మధ్య తెరుచుకోవడం మొదలుపెడుతుంది. అది తెరుచుకున్న స్థితిలో ఇరుక్కుపోతే ఇంజిన్ 60, 70 డిగ్రీల దగ్గరే నడుస్తుంది, ఈసీయూ దాన్ని ఇంకా వేడెక్కని ఇంజిన్‌గా భావించి అదనంగా పెట్రోలు ఇస్తూ ఉంటుంది. బండి వేడెక్కకూడదన్న మంచి ఉద్దేశంతో థర్మోస్టాట్‌ను పూర్తిగా తీసేసే మెకానిక్‌లు ఉన్నారు, ఆ పని మైలేజీకి చేసే చెరుపు కూడా ఇలాంటిదే. పరీక్ష సులువు: చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసి రేడియేటర్ పై గొట్టాన్ని ఫ్యానుకు, బెల్టుకు దూరంగా ఉండే చోట తాకి చూడాలి. అది కొన్ని నిమిషాలపాటు చల్లగా ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కాలి. మొదటినుంచే కొద్దికొద్దిగా వేడెక్కుతూ వస్తే థర్మోస్టాట్ మూసుకోవడం లేదని అర్థం.

రెండోది కూలెంట్ ఉష్ణోగ్రత సెన్సర్. వేడి పెరిగేకొద్దీ దీని రెసిస్టెన్స్ తగ్గుతుంది: చాలా కార్లలో 20 డిగ్రీల దగ్గర రెండు మూడు వేల ఓమ్‌లు, 80 డిగ్రీల దగ్గర మూడు వందల ఓమ్‌ల చుట్టుపక్కల ఉంటుంది. కనెక్టర్‌లో తుప్పు పట్టినా రెసిస్టెన్స్ పెరుగుతుంది, అప్పుడు ఇంజిన్ ఉన్నదానికంటే చల్లగా ఉందని ఈసీయూ అనుకొని పెట్రోలు పెంచుతుంది. రాత్రంతా ఆగి ఉన్న బండిలో, ఉదయం స్టార్ట్ చేయకముందే స్కానర్ (ఈసీయూలోని అంకెలను చదివే పరికరం) పెట్టి కూలెంట్ ఉష్ణోగ్రతను, లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రతను పక్కపక్కన చూడండి. రెండూ కొద్ది డిగ్రీల తేడాలో ఉండాలి. ఎక్కువ తేడా ఉంటే రెండింటిలో ఒకటి తప్పు చెబుతోంది.

మూడోది ఆక్సిజన్ సెన్సర్. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి, మిశ్రమం ఆ నిష్పత్తికి ఏ పక్కకు జరిగిందో పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను బట్టి ఈ సెన్సర్ చెబుతుంది. పాత కార్లలో ఉండే రకం సుమారు 0.1 వోల్టు నుంచి 0.9 వోల్టు వరకు ఆగకుండా అటూ ఇటూ ఊగుతూ ఉండాలి, ఏళ్ళు గడిచేకొద్దీ ఆ కదలిక మందగిస్తుంది. అయితే సెన్సర్ మార్చే ముందు తప్పక చూడవలసిన అంకె ఒకటుంది, అది స్కానర్‌లో కనిపించే లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, అంటే సెన్సర్ మాటను బట్టి ఈసీయూ కొంతకాలంగా పెట్రోలును ఎంత శాతం పెంచి లేదా తగ్గించి ఇస్తోందో చెప్పే అంకె. మామూలుగా అది సున్నాకు ఇటూ అటూ ఐదు శాతంలో ఉంటుంది, పది దాటితే వెతకవలసిన పని పడిందన్నమాట.

ఈ ట్రిమ్‌ను చదవడంలోనే పెద్ద పొరపాటు జరుగుతోంది. ప్లస్ పదిహేను కనిపించగానే "బండి పదిహేను శాతం ఎక్కువ తాగుతోంది" అనేస్తున్నారు. ప్లస్ అంటే పెట్రోలు తక్కువై మిశ్రమం పలచబడిందని సెన్సర్ చెబితే ఈసీయూ సరిచేసిందని మాత్రమే, సెన్సర్ చెప్పింది నిజమైతే చివరికి సిలిండర్‌లో మండేది సరైన మిశ్రమమే. కాబట్టి ట్రిమ్‌ను స్పార్క్ ప్లగ్‌తో కలిపి చదవాలి. ట్రిమ్ ప్లస్‌లో ఉండి ప్లగ్ మొన మీద పొడి నల్ల మసి పేరుకుంటే సెన్సర్ మోసపోతోందని అర్థం. సెన్సర్‌కు ముందు సైలెన్సర్ పైపు జాయింట్‌లో చిన్న పగులు ఉన్నా బయటి గాలి లోపలికి పీల్చుకుపోయి ఆక్సిజన్ ఎక్కువున్నట్టు చూపిస్తుంది. ఒక సిలిండర్ అప్పుడప్పుడు మండకుండా వదిలేసినా అంతే, మండని గాలి అలాగే బయటికి వచ్చి సెన్సర్‌ను తప్పుదారి పట్టిస్తుంది, ఈసీయూ బాగా మండుతున్న సిలిండర్లకు కూడా అనవసరంగా పెట్రోలు పెంచుతుంది. అరిగిపోయిన ఒక్క ప్లగ్ మొత్తం మైలేజీని దెబ్బతీసే దారి ఇదే.

ట్రిమ్ బాగా మైనస్‌లో ఉండి ప్లగ్‌లు నల్లగా ఉంటే సంగతి వేరు, పెట్రోలు నిజంగానే ఎక్కువగా వస్తోంది. అప్పుడు వ్యాక్యూమ్ గొట్టంతో పనిచేసే ప్రెషర్ రెగ్యులేటర్ ఉన్న కార్లలో ముందుగా ఆ గొట్టాన్ని లాగి వాసన చూడాలి. పెట్రోలు వాసన వచ్చినా తడి కనిపించినా లోపలి డయాఫ్రమ్ (పలచటి రబ్బరు పొర) చిరిగింది. అది బాగుంటే కారుతున్న ఇంజెక్టర్‌ను, మూసుకోని పర్జ్ వాల్వును (ట్యాంకులోని పెట్రోలు ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలేదాన్ని) అనుమానించాలి. ఇంజెక్టర్ క్లీనింగ్ అనేది ఇలా ఆధారం దొరికిన తర్వాత చేయవలసిన పని, ప్రతి బండికీ మొదటి మందు కాదు.

అపోహ: ఎయిర్ ఫిల్టర్ మార్చితే మైలేజీ పెరుగుతుంది.

వాస్తవం: ఇంజెక్టర్లకు బదులు కార్బ్యురేటర్‌తో గాలిలో పెట్రోలు కలిపే పాత బండిలో ఇది కొంతవరకు నిజం, ఎందుకంటే ఫిల్టర్ మూసుకుపోతే గాలి తగ్గి, పెట్రోలు పాళ్ళు పెరుగుతాయి. ఇంజెక్షన్ బండిలో తగ్గిన గాలిని ఈసీయూ లెక్కలోకి తీసుకొని పెట్రోలునూ తగ్గిస్తుంది, అందువల్ల దెబ్బ తినేది బండి ఎత్తుకొనే వేగం. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో వెలువరించిన నివేదిక కూడా కంప్యూటర్‌తో నడిచే ఇంజిన్లలో మూసుకుపోయిన ఫిల్టర్ వల్ల మైలేజీ మీద చెప్పుకోదగ్గ ప్రభావం లేదనే తేల్చింది. ఇంజిన్ లోపలికి దుమ్ము పోకుండా ఉండడానికి ఫిల్టర్‌ను సమయానికి మార్చాలి, మైలేజీ కోసం కాదు.

అపోహ: కార్బ్యురేటర్ బండి ఎక్కువ తాగితే కార్బ్యురేటర్ మార్చడమే దారి.

వాస్తవం: చల్లటి ఇంజిన్‌కు పెట్రోలు పాళ్ళు పెంచే చోక్ పూర్తిగా వెనక్కి రాకపోవడం, లోపలికి వచ్చే పెట్రోలును ఆపే నీడిల్ వాల్వ్ అరిగి ఫ్లోట్ లెవెల్ (కార్బ్యురేటర్‌లో నిలిచే పెట్రోలు మట్టం) పెరగడం అనే రెండు చిన్న లోపాలే అక్కడ ఎక్కువగా కనిపిస్తాయి. వీటికంటే ఎక్కువగా మరిచిపోయేది ప్లగ్‌లకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మీదుండే వ్యాక్యూమ్ అడ్వాన్స్. తేలికగా యాక్సిలరేటర్ తొక్కి నిలకడగా వెళ్ళేటప్పుడు పలచటి మిశ్రమం నిదానంగా మండుతుంది కాబట్టి దాన్ని ముందుగా అంటించాలి, ఆ పని చేసేది ఇదే. దాని డయాఫ్రమ్ చిరిగినా బండి మామూలుగానే స్టార్ట్ అవుతుంది, లాగుతుంది, పెట్రోలు మాత్రం ఎక్కువ అవుతుంది. చేతి వ్యాక్యూమ్ పంపు తగిలించి చూస్తే లోపలి ప్లేటు కదలాలి, పంపు పట్టిన వ్యాక్యూమ్ తగ్గకుండా నిలవాలి. దీన్ని చూడకుండా జెట్లు (పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రాలున్న ముక్కలు) మార్చే మెకానిక్ దగ్గర బండి వదలవద్దని నా సలహా.

అపోహ: మైలేజీ లోపం అంటే ఇంజిన్ లోపమే.

వాస్తవం: పాత చిన్న కార్లలో సగం పట్టేసిన బ్రేకులు సర్వసాధారణం, యజమాని అలవాటుపడిపోవడం వల్ల వాటిని గుర్తించడు. ముందు బ్రేకుల్లో క్యాలిపర్ (ప్యాడ్లను నొక్కే భాగం) జారే పిన్నులు ఎండిపోయి ప్యాడ్ డిస్క్‌ను వదలకపోవచ్చు, వెనుక హ్యాండ్ బ్రేక్ కేబుల్ తుప్పుపట్టి లివర్ దించినా షూలు పూర్తిగా వెనక్కి రాకపోవచ్చు. బ్రేక్ రబ్బరు గొట్టం లోపల ఉబ్బితే తొక్కినప్పుడు ప్రెషర్ వెళ్ళి, వదిలినప్పుడు తిరిగి రావడం ఆలస్యమవుతుంది. బ్రేక్ ఎక్కువగా వాడకుండా కొంత దూరం నడిపి ఆగి, నాలుగు చక్రాల మధ్యభాగాల వేడిని ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూడండి. ఒకే ఇరుసు మీద కుడికీ ఎడమకీ స్పష్టమైన తేడా ఉంటే వేడిగా ఉన్న పక్క విప్పాలి. తర్వాత బండిని స్టాండ్ల మీద నిలిపి, న్యూట్రల్‌లో ఒక్కో చక్రాన్ని చేత్తో తిప్పి చూడాలి.

క్లచ్ జారుతుంటే పై గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు ఇంజిన్ శబ్దం పెరిగి, వేగం దానితోపాటు పెరగదు. టైరు అంచులను చేత్తో తడిమితే రంపం పళ్ళలా తగిలితే వీల్ అలైన్‌మెంట్‌లో టో, అంటే చక్రాల ముందుభాగాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, తప్పింది.

టైర్లలో గాలి గురించి మాత్రం కొలత తెలిసి మాట్లాడాలి. నాలుగు టైర్లలో ఒక పీఎస్ఐ తగ్గితే మైలేజీ దాదాపు 0.2 శాతం తగ్గుతుందని అమెరికా ఇంధన శాఖ అంచనా. అంటే పది పీఎస్ఐ తక్కువున్నా పోయేది రెండు శాతమే. గాలి సరిగ్గా ఉంచడం భద్రతకు, టైరు ఆయుష్షుకు తప్పనిసరి, కానీ మైలేజీ పాతిక శాతం పడిపోయిన బండికి గాలి కొట్టించి పంపించేస్తే అసలు లోపాన్ని వెతకనట్టే. చెప్పినదానికంటే ఎక్కువ గాలి పెడితే పట్టు తగ్గి, టైరు మధ్యలో అరుగుతుంది.

అపోహ: లక్ష కిలోమీటర్లు దాటిన ఇంజిన్ ఎలాగూ ఎక్కువే తాగుతుంది.

వాస్తవం: సరిగ్గా చూసుకున్న ఇంజిన్‌లో వయసు వల్ల వచ్చే తగ్గుదల కొద్దిపాటిదే. రింగులు నిజంగా అరిగితే మైలేజీకంటే ముందు ఆయిల్ తగ్గడం, నీలం పొగ కనిపిస్తాయి. అనుమానం ఉంటే కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) చూడండి: అన్ని సిలిండర్ల అంకెలూ కంపెనీ చెప్పిన హద్దులో, ఒకదానికొకటి దగ్గరగా ఉంటే ఇంజిన్‌ను విప్పవలసిన అవసరం లేదు. ఒకటే తక్కువగా ఉంటే ముందు వాల్వ్ క్లియరెన్స్ (వాల్వ్ పూర్తిగా మూసుకోవడానికి వదిలే సన్నటి సందు) చూడాలి.

అపోహ: ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు పోయిస్తే ఎక్కువ దూరం వస్తుంది.

వాస్తవం: ఆక్టేన్ అంటే నాకింగ్‌ను (మిశ్రమం దానంతటదే అంటుకొని ఇంజిన్‌ను కొట్టడాన్ని) తట్టుకొనే గుణం, శక్తి పరిమాణం కాదు. మామూలు పెట్రోలుకు రూపొందించిన ఇంజిన్‌కు దానివల్ల ఒరిగేదేమీ లేదు. మైలేజీని మార్చేది ఇథనాల్ పాళ్ళు: లీటరు ఇథనాల్‌లో పెట్రోలుకంటే దాదాపు మూడో వంతు శక్తి తక్కువ, అందువల్ల పది శాతం కలిపితే లీటరుకు సుమారు మూడు శాతం, ఇరవై శాతం కలిపితే ఆరు ఏడు శాతం శక్తి తగ్గుతుంది. మీరు పోయించే పెట్రోలు ఈ మధ్య మారిందేమో చూసుకోవాలి. పెట్రోలు గొట్టానికి తగిలించే అయస్కాంతాల వంటి పరికరాలను కొనవద్దు. అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ ఇలాంటి పరికరాలు వందకు పైగా పరిశీలించినా మైలేజీని చెప్పుకోదగ్గంతగా పెంచేది దొరకలేదు.

అపోహ: వాలులో న్యూట్రల్ వేస్తే పెట్రోలు మిగులుతుంది.

వాస్తవం: ఇంజెక్షన్ బండిని గేరులోనే ఉంచి యాక్సిలరేటర్ వదిలితే ఇంజిన్ తగినంత వేగంగా తిరుగుతున్నంతసేపు ఈసీయూ పెట్రోలును పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ ఆగకుండా ఉండడానికి పెట్రోలు ఇవ్వక తప్పదు, ఇంజిన్ బ్రేకింగ్ కూడా పోయి ప్రమాదం పెరుగుతుంది.

అపోహ: బ్యాటరీ తీసి పెడితే ఈసీయూ రీసెట్ అయి మైలేజీ తిరిగి వస్తుంది.

వాస్తవం: చాలా పాత కార్లలో బ్యాటరీ తీస్తే ఈసీయూ నేర్చుకున్న ట్రిమ్ విలువలు, దాచుకున్న లోపాల కోడ్‌లు చెరిగిపోతాయి. లోపం అలాగే ఉంటే కొద్ది రోజుల్లో ట్రిమ్ మళ్ళీ అక్కడికే చేరుతుంది, ఈలోపు వచ్చిన మెకానిక్‌కు చదవడానికి ఆధారం ఉండదు. అందుకని బ్యాటరీ తీయకముందే ట్రిమ్‌లు, కోడ్‌లు, వేడెక్కిన ఇంజిన్ ఉష్ణోగ్రత రాసిపెట్టుకోవాలి. లోపం సరిచేశాక, కొత్త విలువలు స్థిరపడేలా కొన్ని రోజులు మామూలుగా నడిపి, అప్పుడు మొదటి లెక్కకు వాడిన పంపు దగ్గరే మళ్ళీ ట్యాంకు నింపించి కొలవాలి.