స్కూబా డైవింగ్‌లో తోటివారి పేర్లు: అపోహలు - వాస్తవాలు

కాకినాడ, అమలాపురం, నరసాపురం వైపు నుంచి స్కూబా (గాలి సిలిండర్‌తో నీటి అడుగున ఈదడం) నేర్చుకోవడానికి వచ్చే యువతీయువకుల్లో చాలామందికి ఈత ముందే వచ్చి ఉంటుంది. నీటి అడుగున తమ పక్కనున్న వ్యక్తి ఎవరు, ఆ వ్యక్తి బాధ్యత ఎంతవరకు అన్నది మాత్రం వారికి స్పష్టంగా తెలియదు. శిక్షకుడిగా తరచు వినే కొన్ని అపోహలను ఇక్కడ వివరిస్తున్నాను.

అపోహ: బడ్డీ అంటే మనతో వచ్చిన స్నేహితుడు.

వాస్తవం: స్నేహం ఉండవచ్చు, లేకపోవచ్చు. మీ గాలి అయిపోతే తన సిలిండర్ నుంచి గాలి ఇస్తూ మిమ్మల్ని పైకి తీసుకురావడానికి సిద్ధపడి దిగేవారే బడ్డీ. మీరూ వారికి అంతే బాధ్యులు. ఈ బాధ్యత పడవ మీదే మొదలవుతుంది. దిగేముందు ఒకరి జాకెట్టు (గాలి నింపి తేలడాన్ని అదుపు చేసేది), సీసపు బరువులు, బకిళ్లు, గాలి మరొకరు వరుసగా తనిఖీ చేయాలి. గాలిని తనిఖీ చేసేటప్పుడు తొందర పనికిరాదు. సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్‌ను నోట పెట్టుకుని నాలుగైదుసార్లు పీలుస్తూ, గాలి పీడనం చూపే గేజి ముల్లును గమనించాలి. పీల్చినప్పుడల్లా ముల్లు పడిపోయి మళ్లీ లేస్తుంటే సిలిండర్ వాల్వు సరిగా తెరుచుకోలేదన్నమాట. ఆపదలో తోటివారికి గాలి ఇచ్చే ఆక్టోపస్ అనే అదనపు రెగ్యులేటర్, సాధారణంగా పసుపు రంగుది, ఎదుటివారి ఛాతీ మీద ఎక్కడ తగిలించి ఉందో చేత్తో తాకి చూడమని నేను పట్టుబడతాను. గోదావరి పాయలు తెచ్చే ఒండ్రుతో మన తీరపు నీరు మసకగా ఉంటుంది కాబట్టి, అవసరం వచ్చినప్పుడు కళ్లతో వెతుక్కునే వీలు ఉండకపోవచ్చు.

అపోహ: డైవ్ మాస్టర్ వెంట ఉంటే బడ్డీ అక్కర్లేదు.

వాస్తవం: డైవ్ మాస్టర్ దారి చూపుతూ గుంపు మొత్తాన్ని నడిపిస్తారు, ముందు ఈదుతున్న ఆయనకు వెనుక ఎవరి ఊపిరి ఇబ్బందిలో పడిందో వెంటనే తెలియదు. శిక్షణ లేకుండా తొలిసారి సరదాగా దిగేవారి సంగతి వేరు. వారి పక్కనే ఇన్‌స్ట్రక్టర్ ఉంటారు.

అపోహ: ఇన్‌స్టా బడ్డీ అంటే ఇన్‌స్టాగ్రామ్‌లో పరిచయమైనవారు.

వాస్తవం: ఒంటరిగా వచ్చిన ఇద్దరిని పడవ మీద అప్పటికప్పుడు జత చేస్తే వారు ఇన్‌స్టా బడ్డీలు. అలాంటివారితో చేతి సైగలు, గరిష్ఠ లోతు, ఎంత గాలి మిగిలినప్పుడు వెనక్కి తిరగాలి అన్నవి ముందే మాట్లాడుకోవాలి. ‘సేమ్ ఓషన్ బడ్డీ’ అని ఎవరినైనా అంటే దాన్ని పొగడ్తగా తీసుకోకండి. దిగగానే జతను వదిలేసి తన దారిన పోయేవారికి డైవర్లు పెట్టిన పేరది.

అపోహ: బడ్డీ కనబడకపోతే దొరికేదాకా అడుగునే వెతకాలి.

వాస్తవం: ఒక్క నిమిషం చుట్టూ, పైనా కిందా చూసి, కనబడకపోతే మెల్లగా పైకి రావాలి. ఇద్దరూ ఇదే నియమం పాటిస్తే నీటి పైన కలుసుకుంటారు. సోలో డైవింగ్ అంటే ఇలా తప్పిపోయి ఒంటరి కావడం కాదు. దానికి విడిగా కోర్సు ఉంది. ఎస్‌డీఐ అనే డైవింగ్ శిక్షణ సంస్థ దానికి 21 ఏళ్ల వయసు, 100 డైవ్‌ల అనుభవం అడుగుతుంది.

అపోహ: గజ ఈతగాడు, డైవర్, టెండర్ అందరూ ఒకటే.

వాస్తవం: గజ ఈతగాళ్లు ఊపిరి బిగబట్టి మునిగేవారు, వారి ధైర్యం మీద నాకు ఎంతో గౌరవం. కృష్ణా-గోదావరి బేసిన్‌లోని చమురు, గ్యాస్ క్షేత్రాల్లో పనికి వెళ్లాలనుకునే మన కుర్రవాళ్లు వేరే పేర్లు తెలుసుకోవాలి. అక్కడ డైవర్‌కు గాలి పైనుంచి గొట్టం ద్వారా అందుతుంది. ఆ గొట్టాన్ని అవసరాన్ని బట్టి వదులుతూ, లాగుతూ, చేతికి తెలిసే కదలికను బట్టి డైవర్ స్థితిని గమనించే వ్యక్తి టెండర్. స్టాండ్‌బై డైవర్ సర్వసన్నద్ధంగా పైనే కూర్చుని, కింద ఆపద వస్తే దిగుతారు. టెండర్ పనిని సహాయకుడి పనిగా చిన్నచూపు చూసి, మధ్యలో ఫోన్ చూసుకునే కుర్రవాళ్లను నేను ఆ రోజుకు గొట్టం ముట్టుకోనివ్వను.