అంటు కట్టిన ముక్కు

మాది రైల్వే కోడూరు. మామిడి నర్సరీల మధ్య పెరిగినదాన్ని. అందుకేనేమో, కర్నూలులో హౌస్ సర్జన్‌గా తొలిసారి ప్లాస్టిక్ సర్జరీ థియేటర్‌లో నిలబడినప్పుడు అక్కడి పని నాకు తెలిసినదిగానే తోచింది.

రోగి అరవై దాటిన పెద్దామె. చర్మ క్యాన్సర్‌ను తొలగించడంతో ముక్కు కొన పోయింది. నుదుటి చర్మంతో ముక్కు చేస్తామని సార్ ముందురోజు చెబితే ఆమె అడిగింది ఒక్కటే: "అయితే బొట్టు ఎక్కడ పెట్టుకోవాలి నాయనా?"

సార్ కత్తి కన్నా ముందు అందుకున్నది కుట్టుదారం చుట్టి వచ్చిన రేకు. దాన్ని గాయం మీద అదిమి, ఆ కొలతకు కత్తిరించి, నుదుటి మీద తలకిందులుగా పరిచి చుట్టూ గీత గీశారు. సుశ్రుత సంహిత ఈ కొలతకు చెట్టు ఆకు వాడమంటుంది, చర్మాన్ని చెంప నుంచి తీయమంటుంది. 1790లలో పుణె దగ్గర ఒకాయన మైనపు రేకు వాడాడు. టిప్పుతో యుద్ధంలో ఇంగ్లీషు సైన్యానికి ఎడ్లు తోలిన కావస్జీ శత్రువులకు చిక్కి ముక్కూ, ఒక చెయ్యీ పోగొట్టుకున్నాడు. అతడికి నుదుటి చర్మంతో ముక్కు చేసినవాడు ఇటుకలు చేసే కులానికి చెందినవాడట. ఆ వార్త 1794లో లండన్‌లో జెంటిల్‌మన్స్ మ్యాగజైన్‌లో అచ్చయింది. ఆ పద్ధతినే 1814లో జోసెఫ్ కార్ప్యూ అనే ఇంగ్లీషు సర్జన్ అక్కడ చేసి చూపాడు. ఆ యుద్ధం ముగిసిన 1792లోనే మా కడప సీమ టిప్పు నుంచి నిజాం చేతికి పోయింది. బడిలో సంధి షరతులు బట్టీ పట్టించారు గానీ ఈ ముక్కు ఊసెత్తలేదు.

అసలు కీలకం కాడలో ఉంది. నుదుటి చర్మాన్ని పూర్తిగా కోసి తీయరు. కనుబొమ లోపలి కొసన పైకి వచ్చే చిన్న ధమని ఆ చర్మానికి ప్రాణం. ఆ ధమని ఉన్న సన్నని పట్టీని అలాగే ఉంచి, చర్మాన్ని మెలితిప్పి ముక్కు మీదికి దించి కుడతారు. దగ్గరంటు కట్టేవాళ్లు చేసేదీ ఇదే. కుండీలోని మొక్కను తల్లిచెట్టు కొమ్మ పక్కకు తెచ్చి, రెండింటినీ చెక్కి కలిపి కడతారు. అతుకు కలిసేదాకా కొమ్మకు నీరు తల్లిదే. మామిడికి నెలలు పడుతుంది, ముఖానికి దాదాపు మూడు వారాలు చాలు. ఆలోగా ముక్కులోని రక్తనాళాలు కొత్త చర్మంలోకి పాకుతాయి. అప్పుడు కాడ కోస్తారు.

నా పని కొక్కెంతో చర్మం అంచు పట్టుకోవడం, రక్తం అద్దడం. కుట్లు అరటి తొక్క మీద సాధన చేసి వెళ్లాను. సూది నిలువుగా దిగాలని, అంచులు కాస్త పైకి లేచి కలవాలని తెలుసు. తెలియనిది రంగు చదవడం. చర్మం పాలిపోతే రక్తం రావడం లేదు, నీలబడితే వచ్చిన రక్తం వెనక్కి పోవడం లేదు. వేలితో నొక్కి వదిలితే రంగు ఎంతసేపట్లో తిరిగొస్తుందో చూడాలి. ఆ రాత్రి వార్డులో పది సార్లయినా నొక్కి ఉంటాను. ఆమె విసుక్కోలేదు పాపం.

పదో రోజు ఆమే నన్ను పిలిచింది. "ముక్కు మీద ఈగ వాలితే నుదురు దురద పెడుతోందమ్మా, పిచ్చేమైనా పట్టిందా నాకు?" పిచ్చి కాదు. కాడలో రక్తంతోపాటు నుదుటి నరమూ ఉంది. కాడ కోసేదాకా ఆ చర్మం తాను ఇంకా నుదుటి మీదే ఉన్నాననుకుంటుంది.