వానలో పాలు కలపలేదు: పాత హాలీవుడ్ డ్యాన్స్ సినిమాల గురించి అపోహలు - వాస్తవాలు

నేను సినిమా పాటలకు స్టెప్పులు కంపోజ్ చేసే ఒక మాస్టర్ దగ్గర అసిస్టెంట్‌గా పనిచేస్తాను. మా దగ్గర కొత్తగా చేరే పిల్లలకు 1930ల నుంచి 1950ల దాకా హాలీవుడ్‌లో వచ్చిన డ్యాన్స్ సినిమాలు కూర్చోబెట్టి చూపిస్తుంటాను. నోరెళ్లబెట్టి చూస్తారు, పాట అయిపోగానే ఎక్కడెక్కడో విన్న మాటలు మొదలుపెడతారు. ఎక్కువగా వినబడే వాటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: ‘సింగిన్ ఇన్ ద రెయిన్’లో వాన కనబడటానికి నీళ్లలో పాలు కలిపారు.

లేదండీ, అవి మామూలు నీళ్లే. చినుకు కెమెరాకు కనబడాలంటే వెనక నుంచి లైటు కొట్టాలి, ముందు నుంచి వేస్తే కుండపోత వాన కూడా సరిగ్గా కనబడదు. ఇవాళ వాన పాట తీసే ఏ కెమెరామన్‌ని అడిగినా ఇదే చెబుతారు. 1952లో విడుదలైన ఆ సినిమాలో ఈ వాన పాటను ఎంజీఎం అనే స్టూడియో వాళ్ల వీధి సెట్‌లో, పైనంతా నల్ల టార్పాలిన్లు కప్పేసి, పట్టపగలే తీశారు. హీరో జీన్ కెల్లీ ఎక్కడ కాలేసి నీళ్లు చిమ్మాలో అక్కడ ముందే గుంటలు తవ్వి పెట్టారు. అంటే చిన్నపిల్లాడి అల్లరిలా కనిపించేదంతా కౌంట్ల ప్రకారం కూర్చిందే. పైగా అప్పుడాయనకు 103 డిగ్రీల జ్వరం. ఆ ముఖంలో నీరసం ఎక్కడైనా కనబడుతుందేమో వెతకండి, నాకైతే దొరకలేదు.

అపోహ: మనకు వినబడే ట్యాప్ చప్పుడు (అడుగున లోహపు బిళ్లలున్న బూట్లతో నేల మీద తాళం వేసే చప్పుడు) షూటింగ్‌లో రికార్డయిందే.

దాదాపు ఎప్పుడూ కాదు. ముందే రికార్డు చేసిన పాట ప్లే చేసి దానికి ఆడతారు, మన దగ్గరా అంతే. తర్వాత డ్యాన్సర్ స్టూడియోలో తెర మీద బొమ్మ చూసుకుంటూ ప్రతి అడుగూ మళ్లీ వేయాలి. హీరో ఫ్రెడ్ అస్టైర్‌కి జంటగా ఆడిన హీరోయిన్ జింజర్ రోజర్స్ అడుగుల చప్పుడు చాలాసార్లు హెర్మీస్ పాన్ వేసిందే, అస్టైర్‌తో కలిసి ఆ డ్యాన్సులు కంపోజ్ చేసింది ఆయనే. దీన్ని మోసం అనేవాళ్లతో నేను అస్సలు ఒప్పుకోను. ఒకసారి ఆడిన ఆటకు, ఒక్క అడుగు కూడా అటూ ఇటూ కాకుండా, చెవుల కోసం రెండోసారి ఆడటం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు.

అపోహ: వాళ్లకది పుట్టుకతో వచ్చింది, అందుకే అంత తేలిగ్గా ఆడేశారు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే మాట ఇది. 1936లో వచ్చిన ‘స్వింగ్ టైమ్’ చివర్లో అస్టైర్, జింజర్ కలిసి ఆడే డ్యాన్స్ 47 టేకులు తీసుకుంది, అది పూర్తయ్యేసరికి ఆమె బూట్లలో రక్తం. ‘సింగిన్ ఇన్ ద రెయిన్’ నాటికి అందులో హీరోయిన్ డెబ్బీ రెనాల్డ్స్‌కు 19 ఏళ్లు, జిమ్నాస్టిక్స్ తెలుసు గానీ డ్యాన్సర్ కాదు. ‘గుడ్ మార్నింగ్’ పాట ముగిసేసరికి ఆమె పాదాలదీ అదే పరిస్థితి.

ఇన్ని టేకులు ఎందుకంటే, అస్టైర్ పెట్టుకున్న పద్ధతి అలాంటిది. తల నుంచి పాదం దాకా మనిషంతా ఫ్రేములో ఉండాలి, మధ్యలో షాట్ మార్చే కట్లు వీలైనంత తక్కువ ఉండాలి. మేమిప్పుడు నాలుగు కౌంట్లు ఆడించి కట్ చేస్తాం, కాలు తప్పితే క్లోజప్ వేసి కప్పేస్తాం, హీరోకి రాని బిట్టు ఉంటే గ్రూప్ డ్యాన్సర్ల మీదికి వెళ్లిపోతాం. ఫుల్ షాట్‌లో ఆ దారులేవీ లేవు. రెండు నిమిషాల ఆట అంటే రెండు నిమిషాలూ తప్పు లేకుండా ఆడాల్సిందే. చూసేవాడికి ఇవన్నీ తెలియకపోయినా ఒంటికి తెలుస్తుంది, వాళ్లతో పాటు ఊపిరి బిగబట్టి, వాళ్లతో పాటే వదులుతాం. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ సినిమాలు చూస్తే ఒళ్లు తేలికపడటానికి కారణం ఇదేనని నా నమ్మకం.

అపోహ: ‘రాయల్ వెడ్డింగ్’లో అస్టైర్‌ని తాళ్లతో కట్టి సీలింగ్ మీద ఆడించారు.

తాళ్లు లేవు. గది సెట్ మొత్తాన్ని ఒక పెద్ద డ్రమ్ములో బిగించి తిప్పారు, కెమెరానీ ఆపరేటర్‌నీ ఆ గదికే కట్టేశారు. అందుకే మనకు గది కదలనట్టూ, ఆయన గోడలెక్కినట్టూ కనబడుతుంది. నిజానికి ఆయన ఎప్పుడూ కింది వైపే ఉంటారు. కానీ కాళ్ల కింద నేల గోడగా మారుతుంటే ఆ వేగానికి సరిగ్గా అడుగు కలపాలి కదా, 50 దాటాక చేశారాయన ఆ పని.

అపోహ: పైనుంచి చూస్తే పువ్వుల్లా విచ్చుకునే డ్యాన్సర్ల వరసలు తీసిన బజ్బీ బర్కిలీ గొప్ప డ్యాన్సర్.

డ్యాన్స్ నేర్చుకున్న మనిషే కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పరేడ్లు నడిపించారు, ఆ లెక్కలే తర్వాత పాటల్లోకి వచ్చాయి.

అపోహ: ఆ రోజుల్లో మహామహులంటే అస్టైర్, కెల్లీ, అంతే.

నికొలస్ బ్రదర్స్‌ని చూడనివాళ్లే ఈ మాట అంటారు. ఫేయార్డ్, హెరాల్డ్ అన్నదమ్ములు, నల్లజాతి వాళ్లు. తల్లిదండ్రులు థియేటర్‌లో వాయిద్యకారులు కావడంతో స్టేజీ మీద ఆడేవాళ్లను చూసి చూసే నేర్చుకున్నారు. 1943 నాటి ‘స్టార్మీ వెదర్’లో మెట్ల మీద ఒకరి మీంచి ఒకరు దూకుతూ స్ప్లిట్‌లో (రెండు కాళ్లూ చెరో వైపు పూర్తిగా చాచి) దిగుతారు, చేతులు నేలకు ఆనించకుండా లేస్తారు, మళ్లీ కింది మెట్టుకి. ఆ మెట్ల బిట్టు రిహార్సల్ లేకుండా ఒకే టేకులో అయిందని ఫేయార్డ్ చెప్పేవారు. తాను చూసిన మ్యూజికల్ డ్యాన్సుల్లో అంతకు మించింది లేదని అస్టైరే మెచ్చుకున్నారు.

అయినా వాళ్ల పేరు ఎందుకు తక్కువ వినబడుతుంది? అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో చాలా థియేటర్లు నల్లజాతి కళాకారులున్న ముక్కలు కత్తిరించి ఆడించేవి. అందుకని స్టూడియోలు వాళ్ల డ్యాన్స్‌ని కథతో సంబంధం లేకుండా, తీసేసినా తెలియకుండా విడిగా పెట్టేవి. అలా చూస్తే కెల్లీ 1948లో ‘ద పైరేట్’లో వాళ్లతో పక్కపక్కనే ఆడటం చిన్న విషయం కాదు. దాన్ని కూడా కొన్ని ఊళ్లలో కత్తిరించారు.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే నేను ‘స్టార్మీ వెదర్’లోని ఆ మెట్ల పాటే చెబుతాను. ఫోన్‌లో వద్దు, కాస్త పెద్ద స్క్రీన్ మీద, పాదాలు బాగా కనబడేలా చూడండి.