గోస్తనీ వెంట రెండు రోజులు

విశాఖపట్నం

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్ళకు అమ్మమ్మ ఆశీస్సులు.

డిసెంబరు సెలవుల్లో రెండు రోజులు ఎటైనా తిప్పమని మీరు పంపిన జాబితా చూశాను. కైలాసగిరి, జలాంతర్గామి, రుషికొండ, సింహాచలం, బొర్రా, అరకు, భీమిలి! మీ అమ్మ చిన్నప్పుడు మేమూ ఇలాగే ఒక్క గుక్కలో అన్నీ తిరిగాం. మర్నాడు ఏం చూశావమ్మా అని అడిగితే ఘాట్ రోడ్డు మలుపులు తప్ప తనకేమీ గుర్తులేదు. ఆ రోజు పిల్లల్ని అలా పరుగెత్తించినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకే ఈసారి ఒక్క ఏటినే పట్టుకుని వెళ్దాం. దాని పేరు గోస్తనీ. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల అడుగున పారి, తాటిపూడి దగ్గర ఆగి, జామి, పద్మనాభం దాటి భీమిలిలో సముద్రంలో కలుస్తుంది. అంటే అల్లూరి సీతారామరాజు, విజయనగరం, విశాఖపట్నం జిల్లాలు మూడింటినీ తడుపుతుంది. అరకు ఈసారికి వద్దు. వలిసె పూలు విరగబూసినప్పుడు దానికోసమే విడిగా వెళ్దాం.

పొద్దున్నే కిరండూల్ రైలెక్కుతాం. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు పంపడానికి 1960లలో వేసిన దారి అది. శృంగవరపుకోట దాటాక బొడ్డవర దగ్గర కొండ మొదలవుతుంది. అక్కడినుంచి ఒకదాని తరువాత ఒకటిగా సొరంగాలు వస్తాయి. బొర్రా గుహలు అనే స్టేషనులోనే దిగుతాం.

గుహలో మీరు తొందరపడకూడదు. రంగు దీపాల వెలుగులో ఇది శివుడు, అది ఏనుగు అని చూపిస్తారు, చూడండి. ఆ తరువాత పైనుంచి వేలాడే ఒక రాతి ఊడ కొసను ఎంచుకుని దాని కిందే నిలబడండి. కొసన ఒక నీటిబొట్టు ఉబ్బుతూ ఉంటుంది. పడుతుందా పడదా అనిపిస్తుంది, చాలాసేపటికి పడుతుంది. ఈ గుహ మొత్తాన్ని చేసింది ఆ నీరే. వాన నీరు గాలిలోంచి, మట్టిలోంచి బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడ్) కలుపుకుని కాస్త పులుపెక్కుతుంది. ఆ పులుపుకు సున్నపురాయి కరుగుతుంది. కరిగిన సున్నంతో బొట్టు కప్పులోంచి దిగుతుంది, ఆ వాయువు గాలిలోకి పోగానే సున్నం మళ్ళీ రాయిగా మిగులుతుంది. పైన మిగిలితే ఊడ, కింద పడ్డ చోట పేరుకుంటే దిబ్బ. రెండూ కలిస్తే స్తంభం. ఇవి పెరిగే వేగం ఎంత తక్కువంటే, మీరు నాలాగా ముసలివాళ్ళయి వచ్చినా తేడా కంటికి కనిపించదు. దయచేసి చేత్తో ముట్టకండి. మన చేతి జిడ్డు అంటుకున్న చోట రాయి పెరగడం ఆగిపోతుంది.

ఇక ఊరివాళ్ళు చెప్పే కథ. మేస్తున్న ఆవు ఒకటి పైనున్న బిలంలో పడిపోయిందట. వెతుక్కుంటూ దిగిన కాపరికి లోపల లింగం కనిపించిందట. ఆవు పొదుగులోంచి పుట్టిన ఏరు కాబట్టి గోస్తనీ అయింది. మీ పుస్తకంలోని రసాయన శాస్త్రమూ, ఈ కథా రెండూ ఒకే బొట్టును చూసి పుట్టినవే కదా! నాకు రెండూ కావాలి.

అక్కడినుంచి కారులో దిగుతాం. అనంతగిరి దగ్గర కాఫీ తోటల్లో ఆగుదాం. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్ల మీదికే పాకిన మిరియపు తీగలు ఉంటాయి. డిసెంబరులో కాఫీ పండ్లు ఎర్రగా ఉంటాయి. రాత్రికి శృంగవరపుకోటలో మీ చిన్నతాతయ్య ఇల్లు ఉండనే ఉంది.

రెండో రోజు తాటిపూడి. మన ఏటికి అడ్డుకట్ట వేసి నింపిన జలాశయం ఇది. విశాఖ తాగే నీటిలో కొంత ఇక్కడినుంచే వస్తుంది. ఆ గట్టు మీద కాసేపు కూర్చుందాం.

జామి దగ్గర పాండవులు జమ్మిచెట్టు మీద ఆయుధాలు దాచారంటారు. పద్మనాభం మాత్రం కథ కాదు. 1794 జూలై 10న ఈస్టిండియా కంపెనీ సేనలతో పోరాడి విజయనగరం రాజు చిన విజయరామరాజు అక్కడే నేలకొరిగాడు. కొండ మీద అనంతపద్మనాభస్వామి గుడి ఉంది. మోకాళ్ళ నొప్పితో నేను కిందే ఉంటాను, మీరు మెట్లెక్కి ఏరు ఎటు వంపు తిరిగిందో చూసి వచ్చి నాకు చెప్పాలి.

భీమిలిలో ఏరు సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు. నీళ్ళు తక్కువైన నెలల్లో అలలు ఇసుకను మేట వేసి మొగను సన్నం చేస్తాయి, వరద వస్తే ఏరు దాన్ని కోసుకుని పోతుంది. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు వర్తకానికి ఈ ఊళ్ళో కూడా దిగారు. వాళ్ళ సమాధులు సముద్రానికి దగ్గరలోనే ఉన్నాయి. మొగ దగ్గర నీళ్ళలో దిగొద్దు. పైకి నెమ్మదిగా కనిపించినా అడుగున లాగుతుంది.

తిరుగు దారిలో ఎర్రమట్టి దిబ్బలు. మంచుయుగంలో సముద్రం ఎంతో వెనక్కి పోయినప్పుడు, బయటపడిన ఇసుకను గాలి ఎత్తి ఇక్కడ పోసింది. రేణువుల పైన ఇనుము తుప్పులా పట్టి ఎర్రబడింది. గుప్పెడు తీసుకుని అరచేతిలో నలపండి, ఎరుపు చేతికి అంటుతుంది. మన రైలుదారి వేసింది ఇనుము కోసమే, ఈ ఎరుపూ ఇనుమే! వానకు కోసుకుపోయిన వాగుల్లో నడుద్దాం, దిబ్బల అంచులు మాత్రం ఎక్కొద్దు. చేత్తో పట్టుకుంటే రాలిపోయే మట్టి అది. అక్కడ తవ్వుకుపోయిన గుంతలు చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

స్వెటర్లు, జారని చెప్పులు, ఒక్కొక్కరికి ఒక నోటుపుస్తకం తెచ్చుకోండి. రైలు పెందలాడే కాబట్టి ముందురోజు సాయంత్రానికల్లా ఇంటికి చేరాలి. దారికి పులిహోర కడతాను.

మీ
అమ్మమ్మ