కిల్ట్ మీదికి ఏ కోటు? అపోహలు - వాస్తవాలు

స్కాట్లండ్ మగవాళ్లు కట్టుకునే గళ్ల కుచ్చిళ్ల స్కర్ట్‌లను, అంటే కిల్ట్‌లను, గ్లాస్గోలో అద్దెకిచ్చే షాపులో కొలతలు తీసుకోవడం, కోట్లు ఆల్టర్ చేయడం నా పని. స్కాటిష్ స్నేహితుడి పెళ్లికనో, గ్రాడ్యుయేషన్‌కనో మన తెలుగు పిల్లలు కూడా వస్తుంటారు. టార్టన్ గళ్లు ఎంచుకోవడానికి ఎంతసేపైనా కూర్చుంటారు గానీ, కోటు దగ్గరికి వచ్చేసరికి "నల్లది ఏదైనా ఇచ్చేయండి" అంటారు. కిల్ట్ మనిషికి నప్పిందా లేదా తేల్చేది చాలావరకు కోటే. అందుకే రోజూ వినే కొన్ని మాటల గురించి వివరంగా రాస్తున్నాను.

అపోహ: మంచి సూట్ ఉంది కదా, ఆ కోటే కిల్ట్ మీద వేసుకోవచ్చు.

వాస్తవం: కుదరదు. కారణం కిల్ట్ కట్టులోనే ఉంది. ప్యాంటులా తుంటి మీద కాకుండా బొడ్డు దగ్గర, ఇంకాస్త పైకే కడతాం. కింది అంచు మోకాలి చిప్ప మధ్యకు వస్తుంది. వెనక కుచ్చిళ్లు నడుము నుంచి తుంటి దాకా కుట్టేసి ఉంటాయి, అక్కడి నుంచి కిందికి వదులుగా ఉంటాయి. నడుస్తుంటే ఊగేది ఆ కింది భాగమే. కిల్ట్ కోటు ఆ కుట్టు ముగిసే చోటికి కాస్త అటూ ఇటూగా ఆగుతుంది. సూట్ కోటు పిరుదులు కప్పేసి, కుచ్చిళ్ల మీద బరువుగా పడుతుంది. వాటి ఊపు పోతుంది.

ముందువైపు ఇంకో ఇబ్బంది. కిల్ట్‌కు జేబులుండవు కాబట్టి నడుముకు గొలుసుతో స్పోరన్ అనే తోలు సంచీ వేలాడదీస్తాం. కిల్ట్ కోటు ముందు అంచులను గుండ్రంగా, పక్కలకు పోయేలా కత్తిరించేది ఆ సంచీ మొత్తం కనబడాలనే. సూట్ కోటు వేస్తే స్పోరన్ సగం లోపలికి పోయి, అడుగు మాత్రం బయటికి తొంగిచూస్తుంది. పైగా కాళ్లు పొట్టిగా కనిపిస్తాయి. అద్దం ముందు నిలబడి స్పోరన్ పూర్తిగా కనబడుతోందా అని చూసుకోండి. లేదంటే ఆ కోటు ఎంత ఖరీదైనదైనా పక్కన పెట్టేయండి.

అపోహ: కింద నాలుగు అంగుళాలు కత్తిరిస్తే ఏ కోటైనా కిల్ట్ కోటు అవుతుంది.

వాస్తవం: కొన్ని అవుతాయి. ఆల్టరేషన్‌కు కోటు చేతికి రాగానే నేను ముందు చూసేది జేబులనే. మామూలు కోటుకు జేబులు కిందికి ఉంటాయి. పొడవు తగ్గిస్తే జేబు మూత అంచు దాకా వచ్చేస్తుంది. లోపలి సంచీని కూడా కోసేయాల్సి వస్తుంది, అప్పుడు జేబు పేరుకే మిగులుతుంది. బట్టను చీల్చి పెట్టిన జేబును పైకి జరపలేం, ఆ చీలిక అక్కడే ఉండిపోతుంది. పైన అతికించి కుట్టిన జేబైతే విప్పి పైకి జరపొచ్చు. కానీ పాత ట్వీడ్ (ముతక ఉన్ని బట్ట) అయితే జేబు కింద ఇన్నాళ్లూ ఎండ తగలని చోట రంగు ముదురుగా ఉంటుంది. విప్పకముందే జేబు మూల కాస్త ఎత్తి లోపలి రంగు చూసుకోవాలి. వెనక చీలిక సంగతి కూడా ఉంది. పొడవు తగ్గాక అది రెండు మూడు అంగుళాలే మిగిలి వికారంగా కనబడితే మూసి కుట్టేయడమే మంచిది. ఆ తర్వాత ముందు అంచులకు కొత్త వంపు, లోపల లైనింగ్ మళ్లీ బిగించడం. సగం కోటు కొత్తగా కుట్టినంత పని.

సెకండ్‌హ్యాండ్‌లో చవకగా దొరికిన మంచి ట్వీడ్ కోటుకైతే ఈ శ్రమ తగినదే. హ్యారిస్ ట్వీడ్ అయితే మరీ. ఔటర్ హెబ్రిడీస్ దీవుల్లో రంగు వేసి వడికిన ఉన్నితో, అక్కడి నేతగాళ్లు తమ ఇళ్ల దగ్గర చేత్తో నేసినదానికే ఆ పేరు చెల్లుతుందని 1993లో చట్టమే చేశారు. లోపల గోళం గుర్తున్న లేబుల్ ఉంటుంది. లైనింగ్ మార్చేటప్పుడు దాన్ని పారేయొద్దని టైలర్‌కు ముందే చెప్పండి.

అపోహ: ప్రిన్స్ చార్లీ కోటు 1745 నాటిది, అసలైన సంప్రదాయం అదే.

వాస్తవం: పేరు మాత్రమే ఆయనది. బ్రిటన్ సింహాసనం కోసం 1745లో తిరుగుబాటు చేసిన చార్లెస్ ఎడ్వర్డ్ స్టూవర్ట్ ఈ కోటును చూసి కూడా ఉండడు. ఆయన 1746లో కలోడెన్ దగ్గర ఓడిపోయాక, సైన్యంలో లేని మగవాళ్లు కిల్ట్ లాంటి హైలాండ్ (స్కాట్లండ్ కొండప్రాంతపు) దుస్తులు వేయకూడదని చట్టం వచ్చింది. 1782 దాకా అది అమల్లో ఉంది. 1822లో నాలుగో జార్జ్ రాజు ఎడిన్‌బరోకు వచ్చినప్పుడు నవలా రచయిత వాల్టర్ స్కాట్ చేసిన ఏర్పాట్లతో కిల్ట్‌కు రాజదర్బారు హోదా దక్కింది. ఇప్పుడు మనం ప్రిన్స్ చార్లీ అంటున్న పొట్టి కోటు స్థిరపడింది 20వ శతాబ్దంలోనే.

అది సాయంత్రం విందులకు వేసే కోటు, టక్సీడోకు సమానం. మెరిసే కాలరు, వెనక చిన్న తోకలు, వెండి రంగు గుండీలు, లోపల మూడు గుండీల వెయిస్ట్‌కోట్, బో టై. పగటి పెళ్లిళ్లలో కూడా వేస్తున్నారు, ఎవరూ అడ్డుచెప్పరు. కానీ కొనుక్కునేది ఒక్కటే అయితే నేను ఆర్గైల్ కోటే తీసుకోమంటాను. కాస్త పొడవు, జేబులకు మూతలు, పొడవాటి టై. పగలు పెళ్లికి, ఆఫీసు ఫంక్షన్‌కు సరిపోతుంది. నల్లదైతే బో టై పెట్టి రాత్రి విందుకూ వెళ్లొచ్చు.

అపోహ: ముందు గుండీలు పెట్టుకోకపోతే అమర్యాద.

వాస్తవం: ప్రిన్స్ చార్లీ ముందువైపు మూసుకోదు. ఆ గుండీలు అలంకారానికే. ఎదురుగా రెండు అంచులూ కలవడం లేదని కోటు చిన్నదైపోయిందనుకొని చాలామంది టెన్షన్ పడతారు, పెద్ద సైజు అడుగుతారు. దాంతో భుజాలు జారిపోతాయి. భుజం కుట్టు భుజం చివర ఉందా, వెయిస్ట్‌కోట్ కింది అంచు కిల్ట్ నడుమును కప్పుతోందా అన్నవే చూసుకోవాలి. మధ్యలో చొక్కా కనబడకూడదు. ఇంకో మాట: వెయిస్ట్‌కోట్ వేస్తే పెద్ద బకిల్ బెల్టు వద్దు. లోపల ఉబ్బెత్తుగా కనబడుతుంది.

అపోహ: నలుపైతే ఏ టార్టన్‌కైనా నప్పుతుంది.

వాస్తవం: రాత్రికి సరే. పగటిపూట ఆకుపచ్చ, గోధుమ రంగు గళ్ల మీద నలుపు మొద్దుగా ఉంటుంది. టార్టన్‌లో సన్నగా వచ్చే ఏదో ఒక రంగును ట్వీడ్‌లో పట్టుకోండి, కొమ్ముతో చేసిన గుండీలు పెట్టించండి.

అపోహ: కిల్ట్ మీద మన బంద్‌గలా వేస్తే అవమానించినట్టు.

వాస్తవం: ఇండియన్ అమ్మాయిని చేసుకునే స్కాటిష్ వరుళ్లు ఈ ప్రశ్న చాలా బెరుగ్గా అడుగుతారు. కిల్ట్ కోట్లలో నిలువు కాలరున్న రకాలు ఎప్పటినుంచో ఉన్నాయి. షెరిఫ్‌మ్యూర్, మాంట్రోజ్ డబ్లెట్‌లు అలాంటివే. కాబట్టి మెడ దగ్గర ఇబ్బందేమీ లేదు. ఉన్నదల్లా మళ్లీ పొడవుతోనే. రెడీమేడ్ బంద్‌గలా స్పోరన్‌ను మింగేస్తుంది. హైదరాబాద్‌లో కుట్టించేట్టయితే టైలర్‌కు కిల్ట్ కోటు ఫొటో చూపించి, మెడ వెనక ఎముక నుంచి కింది అంచు దాకా కొలత ఇవ్వండి. ముందు అంచులు గుండ్రంగా తీయమనండి. పట్టు, వెల్వెట్ రెండూ బాగుంటాయి. నాకు నచ్చిన జోడీల్లో ఇదొకటి.

అపోహ: వానొస్తే పైన ఏ రెయిన్‌కోటైనా ఒకటే.

వాస్తవం: గ్లాస్గో గ్రీన్‌లో ఆగస్టులో జరిగే ప్రపంచ పైప్ బ్యాండ్ పోటీలకు ఓసారి వెళ్లి చూడండి, అక్కడ వాన మామూలే. బ్యాగ్‌పైప్ వాయించేవాళ్ల కోసం ఇన్వర్‌నెస్ కేప్ ఉంది. చేతులుండవు, భుజాల మీంచి అదనపు పొర ఒకటి పడుతుంది కాబట్టి తడవకుండా వాయించగలరు. మీకు అంత అక్కర్లేదు. మోకాలి దాకా వచ్చే ఓవర్‌కోటైనా వేయండి, నడుము దగ్గర ఆగే పొట్టి జాకెట్ అయినా వేయండి. తొడ మధ్యకు వచ్చేది మాత్రం వద్దు. దాని అంచు నుంచి కారే నీళ్లన్నీ కుచ్చిళ్లలోకే పోతాయి. ఉన్ని కిల్ట్ తడిస్తే బాగా బరువెక్కుతుంది. ఇంటికొచ్చాక కిల్ట్‌ను గానీ ట్వీడ్ కోటును గానీ రేడియేటర్ మీద ఆరేయకండి. కోటును వెడల్పు హ్యాంగర్‌కు తగిలించి, జేబుల్లో సామాను తీసేసి, గాలి తగిలే గదిలో వదిలేయండి.