చిన్నాయన ఎందుకు మానలేకపోయినాడంటే

ఎర్రగుంట్ల

అమ్మీ, చిన్నోడా,

పోయినసారి మీరు వచ్చినప్పుడు వసారాలో చెనిక్కాయలు ఒలుస్తూ అమ్మి నన్నొక మాట అడిగింది. "జేజీ, ఆ మాత్రలు మానేస్తే అయిపోతుంది కదా, చిన్నాయన ఎందుకు మానడు?" అని. "నీకెందుకులే, గింజలు ఏరు" అనేశాను. అట్లా అనకుండా ఉండాల్సింది. ఈ వేసవి సెలవులకు మీరు వచ్చేసరికి చిన్నాయన ఇంట్లోనే ఉంటాడు. ఆయన గురించి మీకు ఊళ్లోవాళ్ల నోటి నుంచి కాకుండా నా నుంచే తెలియాలి.

చిన్నాయన సావాసాలు పట్టి చెడిపోలేదు. బండల ఫ్యాక్టరీలో బండ జారి నడుముకు దెబ్బ తగిలింది. డాక్టరు పది రోజులకు ట్రమడాల్ అనే నొప్పి మాత్రలు రాశాడు. నొప్పి నిజంగానే తగ్గింది. పదకొండో రోజు పనికి పోవాలి, నడుము ఇంకా లాగుతోంది. అదే చీటీ చూపించి మళ్లీ తెచ్చుకున్నాడు. ఆ తర్వాత చీటీ లేకుండానే తెచ్చుకున్నాడు. రోజుకు రెండు కాస్తా ఆరయినాయి, ఆరు కాస్తా ఒక షీటయింది. ట్రమడాల్‌ను ప్రభుత్వం 2018లో మత్తుమందుల చట్టం కిందికి తెచ్చింది, చీటీ లేనిదే అమ్మకూడదు. అయినా ఆయనకు దొరికింది. ఒకరోజు బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే అడుగున ఖాళీ షీట్లు తగిలినాయి. మొత్తం పంతొమ్మిది. నేలమీద పరిచి లెక్కపెట్టినా.

మసాలాకు గసగసాలు నూరుతాం కదా, ఆ మొక్క పచ్చికాయకు గాటు పెడితే పాలు కారతాయి. ఆ పాలు ఎండితే నల్లమందు. మార్ఫిన్ దాన్లోంచే తీస్తారు, హెరాయిన్‌ను ఆ మార్ఫిన్‌తో చేస్తారు. ట్రమడాల్‌ను ఫ్యాక్టరీలో తయారుచేసినా అది మెదడులో పనిచేసేది ఆ తీరుగానే. వీటిని చెడ్డమందులు అనుకోవద్దు. క్యాన్సర్‌తో మంచం పట్టినవాళ్లకు మార్ఫిన్ ఇచ్చే ఊరట ఇంకేదీ ఇవ్వదు. కాకపోతే రోజూ పడుతూ ఉంటే మెదడు దానికి అలవాటుపడిపోతుంది. నిన్నటి మోతాదు ఇవాళ చాలదు. ఆపితే ఒళ్లు తిరగబడుతుంది.

ఆ తిరగబడటం నేను కళ్లారా చూసినా. మే నెల, రేకుల గది. అంత ఎండలో దుప్పటి కప్పుకుని వణుకుతున్నాడు. ఒకటే ఆవులింతలు. కళ్లలోంచి, ముక్కులోంచి నీళ్లు. చేతుల మీద చర్మమంతా ఈకలు పీకిన కోడిలాగా గగుర్పొడిచింది. విరేచనాలు. కాళ్లు లాగుతున్నాయని రాత్రంతా మంచం కోళ్లకేసి తన్నుకున్నాడు. నేను నాటకమనుకున్నా. గట్టిగా ఉంటేనే దారికొస్తాడని బయట గొళ్లెం పెట్టినా. లోపల "అమ్మా" అని పిలుస్తుంటే వసారాలో కూర్చుని చెవులు మూసుకున్నా. ఆరోరోజు లేచి అన్నం తిన్నాడు. గండం గడిచిందనుకున్నాం.

మూడు వారాలు బాగానే ఉన్నాడు. ఒక రాత్రి నడుమునొప్పి, దానికితోడు ఫ్యాక్టరీలో ఎవరో ఏదో అన్నారని టెన్షన్. పాత లెక్కన షీటంతా మింగి, పైన నిద్రమాత్రలు కూడా వేసుకున్నాడు. తెల్లవారుజామున గురక విని "పడుకోనీలే" అన్నాడు మీ అబ్బ. ఆ గురక నాకు తేడాగా అనిపించింది, గొంతులో నీళ్లు కదిలినట్టు. లైటు వేసి చూస్తే పెదాలు, గోళ్లు నీలం. ఊపిరి ఒకటి తీసుకుంటే రెండోది ఎంతసేపటికీ రావట్లేదు. 108కు ఫోన్ చేసినాం. ఆసుపత్రిలో ఈ మందులకు విరుగుడుగా నాలోక్సోన్ ఇంజెక్షన్ ఇచ్చి, ఊపిరికి సాయం పెట్టి బతికించినారు.

డాక్టరమ్మ అప్పుడు చెప్పింది. కొన్నాళ్లు ఆపితే ఒంటికి ఆ అలవాటు పోతుందంట. అప్పుడు పాత మోతాదు వేసుకుంటే తట్టుకోలేక ఊపిరే ఆగిపోతుందంట. అంటే నేను గొళ్లెం పెట్టి గెలిచాననుకున్న ఆ మూడు వారాలే ఆయనకు అన్నిటికన్నా ప్రమాదం. ఈ మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటా. అందుకే మీకు చెప్తున్నా. ఎవరైనా అట్లా పడి ఉంటే, లేపితే లేవకుంటే, వెంటనే 108. పక్కకు ఒత్తిగిలేలా తిప్పండి. నోట్లో మజ్జిగ, నిమ్మరసం లాంటివి ఏమీ పొయ్యొద్దు. వదిలిపెట్టి పోవద్దు.

ఇప్పుడు ఆయన రోజూ నాలుక కింద ఒక మాత్ర పెట్టుకుంటాడు, బుప్రెనార్ఫిన్, నాలోక్సోన్ కలిసింది. మానసిక వైద్యులు ఇస్తారు. దానితో వణుకూ లేదు, మత్తూ లేదు, పనికి పోతున్నాడు. "ఒకటి పోయి ఇంకోటి తగులుకుంది" అని మన బంధువులే అంటారు. వాళ్ల మాట పట్టించుకోవద్దు. మీ అబ్బ షుగరు మాత్ర ఇరవై ఏళ్లుగా వేసుకుంటున్నాడు, ఆయన్ను ఎవరూ ఏమీ అనరు. చిన్నాయనకు ఈ మాత్ర ఎన్నాళ్లు అవసరమో డాక్టరే చెప్పాలి, మనం తొందరపెట్టకూడదు.

దసరాకు ఒకసారి మళ్లీ పాత మాత్రలకు జారినాడు. పొద్దున్నే వంటింట్లోకి వచ్చి, తల వంచుకుని తనే చెప్పినాడు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ముందు సంగటి పెట్టినా. మరుసటి రోజు ఇద్దరం బస్సెక్కి డాక్టరు దగ్గరికి పోయినాం. తిట్టి ఉంటే ఇంకోసారి దాచిపెట్టేవాడు.

మీ సంగతికొస్తే, ఆయన్ను మాన్పించే బాధ్యత మీది కాదు. జేబులు వెతకొద్దు, కాపలా కాయొద్దు. డబ్బులడిగితే "జేజినడుగు చిన్నాయనా" అనండి, అన్నం కావాలంటే మీరే పెట్టండి. మందులషాపుకు పోయి రమ్మన్నా, ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నా నాకు చెప్పండి. అది చాడీ కాదు. బళ్లో ఎవరైనా ఆయన్ను పేర్లు పెట్టి పిలిస్తే "మా చిన్నాయనకు జబ్బు చేసింది, మందు వాడుతున్నాడు" అని చెప్పండి చాలు.

మీ స్నేహితుల ఇళ్లలో ఇట్లాంటి కష్టం ఉంటే ఈ నంబర్లు ఇవ్వండి. 14446కు చేస్తే వ్యసనం మాన్పించే చికిత్స గురించి చెప్తారు. 14416 టెలి మానస్, మనసు బాగలేనివాళ్లకు ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం, రాత్రయినా తెలుగులో మాట్లాడతారు. పోలీసులు పట్టుకుంటారని చాలామంది ఆసుపత్రికే రారు. మత్తుమందుల చట్టంలోనే 64ఎ సెక్షన్ ఉంది. వాడినందుకో, తక్కువ మోతాదు దగ్గర ఉన్నందుకో కేసు పడినవాళ్లు తమంతట తాము గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వస్తే, దాన్ని పూర్తిచేస్తే శిక్ష తప్పుతుంది.

చిన్నాయన ఒక చిన్న నల్లబండ తెచ్చి, సాయంత్రాలు మీకోసం పులిజూదం గీతలు చెక్కుతున్నాడు. సగం అయింది. మేకలకు పదహైదు చింతగింజలు కడిగి ఎండబెట్టినా. పులులకు మూడు ఎర్రరాళ్లు కావాలంట, అవి మీరు వచ్చి ఏరాలని చూస్తున్నాడు.

మీ జేజి